జయరాజు ల్యాండ్‌మాస్టర్

జయరాజును పూడ్చిన రోజు వాన వెలిసి సమాధుల తోటంతా జారుడుగా ఉంది. 1977 ఆగస్టు నెల. పాస్టరు అయ్యగారి ప్రార్థన ముగిశాక సంఘ పెద్ద సుందర్ రావు గుంత అంచుకు వచ్చి, పిడికెడు మన్ను పెట్టె మీద వేసి, అందరికీ వినపడేట్టు అన్నాడు.

“దేవుని దయ పెద్దది. తాగి బండి నడిపి, కట్టుకున్నదాని పానం తీసినోన్ని సుత ఆయన కాదనడు.”

వెనక ఎవరో ఆమెన్ అన్నారు. జయరాజు ఒక్కగానొక్క కూతురు రూతు తలెత్తి సుందర్ రావును చూసింది. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. చెప్పవలసింది చక్కగా చెప్పానన్న తృప్తి మొహంలో కనపడుతోంది.

రూతుకప్పుడు ఇరవై నాలుగేళ్లు. దవాఖానలో నర్సు. సుందర్ రావు అన్నది అబద్ధమని ఆమె అనుకోలేదు. ఆమెకు తెలిసినంతవరకు అది నిజమే. అయినా మట్టిలోకి దిగుతున్న మనిషి గురించి నలభై మంది ముందు అట్లా అనడానికి నోరెట్లా వచ్చిందని ఒళ్లు మండింది. కాజీపేటలో ఇంటికి చేరేదాకా ఆ మంట తగ్గలేదు. చేరాక కూడా తగ్గలేదు.

జయరాజు ఒకప్పుడు మిషన్ డాక్టరమ్మ దగ్గర డ్రైవరు. ఆమె తన దేశం వెళ్లిపోతూ తన ల్యాండ్‌మాస్టర్ కారును ఆయన పేరున రాసి ఇచ్చింది. లేత ఆకుపచ్చ రంగు కారు. దాన్ని వరంగల్ స్టేషన్ ముందర టాక్సీగా తిప్పి జయరాజు కుటుంబాన్ని పోషించాడు. ఏటూరునాగారం అడవి దారిలో నొప్పులు పడుతున్న ఆడవాళ్లను ఎన్నిసార్లు తీసుకొచ్చాడో లెక్కలేదు. ఆదివారం మాత్రం టాక్సీ పని బంద్. ఆ రోజు అది ఇంటి కారు. ముందర భార్య సుగుణమ్మ, వెనక రూతు, చర్చికి పోయి రావాలి.

1972లో ఈస్టరు మరునాడు భార్యాభర్తలిద్దరూ స్టేషన్ ఘన్‌పూర్‌లో చుట్టాల ఇంటికి బయలుదేరారు. ఊరు ఇంకా మూడు మైళ్లుందనగా కారు రోడ్డు దిగి కల్వర్టు గోడను గుద్ది పల్టీ కొట్టింది. సుగుణమ్మ అక్కడే పోయింది. జయరాజు తుంటి విరిగింది. కారును తాళ్లతో లాగించుకొచ్చింది సుందర్ రావే. హన్మకొండ రోడ్డు మీద మోటారు షెడ్డు ఆయనది. జయరాజుకు స్నేహితుడు. బండిని చూసి, గుద్దుకున్న దెబ్బకు స్టీరింగ్ విరిగిందని పోలీసులకు చెప్పాడు. తరువాత సంఘ పెద్దల ముందు ఇంకో మాట చెప్పాడు. బయలుదేరే ముందు జయరాజును చూశాననీ, నోరు వాసన వచ్చిందనీ. పెళ్లయిన కొత్తలో జయరాజు తాగేవాడని అందరికీ తెలుసు. రూతు పుట్టాక మానేశాడన్నది ఎవరికీ గుర్తు రాలేదు. రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరికి రావద్దని సంఘం ఆయన్ను ఆపేసింది.

జయరాజు కర్ర పట్టుకుని నడిచే రోజులు వచ్చాక కనపడ్డవాడికల్లా ఒకటే చెప్పేవాడు. “స్టీరింగ్ ఉత్తగ తిరిగింది. చేతుల బొమ్మ చక్రం లెక్క తిరిగింది.” రూతుకు ఎన్నోసార్లు చెప్పాడు. ఒక రోజు ఆమె అన్నం గిన్నె దించుతూ, “ఊకో నాయినా. ఇన్నది సాలు,” అంది. ఆ తరువాత ఆయన ఆమెకు మళ్లీ చెప్పలేదు. అట్లా ఐదేళ్లు బతికి పోయాడు.

కారు ఇంటి వెనక వాన పట్టా, తాటిపత్రి, కప్పుకుని ఉండేది. అంత్యక్రియలు అయిన మూడో రోజు పాత ఇనుము కొనే మనిషి వచ్చి తలుపు తట్టాడు. సుందర్ రావు పంపించాడట. “ఆ పీడను ఇంట్ల ఎందుకు పెట్టుకుంటవమ్మా? తూకానికి ఇచ్చెయ్యి,” అన్నాడు.

అమ్మేదే. సుందర్ రావు పేరు విన్నాక అమ్మబుద్ధి కాలేదు.

“అమ్మను. బాగు చేపిస్త,” అంది.

“దీన్నా?” అతను నవ్వాడు.

“దీన్నే. బాగు చేసి చర్చి ముందల ఆపుత. పోయి మీ సుందర్ రావుకు చెప్పు.”

కోపంలో అన్న మాట అది. అన్నాక వెనక్కి తీసుకోవడం ఇష్టం లేకపోయింది.

పక్కింట్లో కట్టయ్య ఉండేవాడు. లోకోషెడ్డులో ముప్ఫై ఏళ్లు ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. రూతు ఆయన్ను పెద్దబాపు అని పిలిచేది. కారు బాగు చేయడం నేర్పమని అడిగితే ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

“నాకు తెలిసినయి బొగ్గింజన్లు బిడ్డా. దీనికి పెట్రోలు. ఇంకోటి, రైలుకు స్టీరింగ్ ఉండది. గది నాకు తెల్వనే తెల్వది.”

“అయితె గది ఆఖరుకు సూద్దాం.”

“చెయ్యి నల్లగైతది. దవాఖానల ఏమంటరో.”

“సబ్బున్నది గద.”

తాటిపత్రి తీస్తే లోపల వెనక సీటులో కోడి పెట్టిన గుడ్లు దొరికాయి. ఎలుకలు సీట్లలోని కొబ్బరి పీచును నేల మీద పరిచాయి. ముందరి అద్దం లేదు. ఎడమ పక్క రేకు లోపలికి మడతపడి టైరును తాకుతోంది. ఇంజను తుప్పుతో బిగుసుకుపోయింది. కట్టయ్య సిలిండర్లలోకి కిరోసిన్, నూనె కలిపి పోసి, పది రోజులు ముట్టవద్దన్నాడు. పది రోజుల తరువాత హాండిల్ పెట్టి ఇద్దరూ తిప్పితే కదలలేదు. మళ్లీ పోశారు. నెలన్నరకు ఒకనాడు పొద్దున చిన్న మూలుగుతో పావు చుట్టు తిరిగింది. కట్టయ్య తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు. రూతు హాండిల్ వదలకుండా ఇంకో చుట్టు తిప్పింది.

ఆమె పద్ధతి దవాఖాన పద్ధతి. విప్పిన ప్రతి ముక్కనూ కిరోసిన్‌లో కడిగి, ఎనామిల్ ట్రేలో వరసగా పేర్చి, దానికి గాయాల మీద వేసే ప్లాస్టరు ముక్క అంటించి పేరు రాసేది. డాక్టరమ్మ వదిలిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి కారు డబ్బాలో దొరికింది. అందులో బొమ్మలున్నాయి. సగం పేజీలు చెద తింది. మిగిలిన సగం ఆమె డ్యూటీ లేని పూటల్లా చదివింది.

వాడకట్టులో జనం గోడ మీది నుంచి చూసేవారు. నర్సమ్మకు మతి పోయిందన్నారు. తల్లిని చంపిన బండిని ముద్దు చేస్తోందన్నారు. సుందర్ రావు కూతురు విమల కూడా అదే దవాఖానలో నర్సు. రూతును అక్కా అని పిలిచేది. ఒకసారి భయం భయంగా అడిగింది.

“అక్కా, నీకు దాన్ని సూస్తె భయం గాదా?”

“నాకు భయం లేదు. కోపమే.”

“ఎవరి మీద?”

“నాకే తెల్వది,” అంది రూతు. అప్పటికి అది నిజం.

రెండేళ్లు పట్టింది. మడతపడ్డ రేకును ట్రంకుపెట్టెలు చేసే మనిషి సుత్తితో సాపు చేసి ఇచ్చాడు. అద్దం హైదరాబాద్ నుంచి రైల్లో, గడ్డి చుట్టి, కట్టయ్య ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. 1979 దసరా సెలవుల్లో ఇంజను మొట్టమొదట అంటుకున్నప్పుడు నల్లటి పొగ వచ్చి పక్కింటి బట్టలన్నీ మళ్లీ ఉతకవలసి వచ్చింది. ఇంక మిగిలింది స్టీరింగ్.

పుస్తకం తెరిచి నేల మీద పెట్టుకుని రూతు కారు కిందికి దూరింది. చక్రాన్ని తిప్పే ఇనుప రాడ్డు చివర ఒక బోల్టు ఉంటుంది. దానికి నట్టు బిగించి, ఆ నట్టు తనంతట తాను తిరిగి ఊడిపోకుండా బోల్టు బెజ్జంలో స్ప్లిట్ పిన్ను దూర్చి, దాని రెండు కాళ్లనూ చెరో పక్కకు వంచాలి. బొమ్మలో అట్లా ఉంది. కుడి చక్రం దగ్గర కూడా అట్లాగే ఉంది. ఎడమ పక్క రాడ్డు ఊడి వేలాడుతోంది. నట్టు లేదు. బోల్టు బెజ్జంలో తుప్పు పట్టిన ముక్క ఏదో ఇరుక్కుని ఉంది. దానికి రెండు కాళ్లు లేవు. ఒక్కటే కాడ, గుండ్రంగా.

“పెద్దబాపూ, జర ఇటు రా.”

కట్టయ్య రాడ్డును విప్పించి, వెలుతురులోకి తెచ్చి, సన్న ఉలితో ఆ ముక్కను మెల్లగా బయటికి కొట్టాడు. అరచేతిలో వేసుకుని చూశాడు. సగానికి తెగిన మేకు. తలకాయ అట్లాగే ఉంది.

“ఇది సీల,” అన్నాడు. “తలుపులకు కొట్టే సీల.”

“గుద్దినప్పుడు తెగిందేమో?”

ఆయన బోల్టు మరను వేలితో తడిమి ఆమెకు చూపించాడు. “మర సూడు. ఒక్క గీత పోలే. దెబ్బకు ఊడితె మర చెదిరిపోవాలె. రాడ్డు వంగాలె. ఇది దెబ్బకు ఊడలే బిడ్డా. సీల తెగింది. నట్టు తిరిగి తిరిగి ఊడింది. గప్పుడు రాడ్డు కింద పడ్డది. ఇగ స్టీరింగ్ పట్టుకుంటె ఏమున్నది? ఉత్తగ తిరుగుతది.”

ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడు. రూతు చేతులు కడుక్కోవడానికి లేచి, కడుక్కోకుండానే గోడ పక్కన కూలబడింది.

ఆ స్టీరింగ్ చివరిసారి ఎవరు విప్పారో ఆమెకు తెలుసు. ఎవరినీ అడగనక్కరలేదు. ఈస్టరుకు ముందు గుడ్ ఫ్రైడే నాడు చర్చి అయ్యాక నాయిన కారును సుందర్ రావు షెడ్డుకు తీసుకుపోయాడు. పనివాళ్లందరికీ సెలవు. రూతే ఇద్దరికీ సద్ది తీసుకుపోయింది. సుందర్ రావు ఎడమ చక్రం కింద పడుకుని ఉన్నాడు. అన్నం అక్కడ పెట్టమ్మా అని కాలితో చూపించాడు.

పన్నెండు రోజులు రూతు కారు దగ్గరికి వెళ్లలేదు. డ్యూటీకి వెళ్లింది, వచ్చింది. కట్టయ్య భార్య మొగిలమ్మ అన్నం తెచ్చి పెడితే తిన్నది. నాయిన మంచం ఉండిన చోట నేల మీద కూర్చుని ఉండేది. ఊకో నాయినా అన్నప్పుడు ఆయన మొహం ఎట్లా ఉందో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. గుర్తు రాలేదు. అన్నం గిన్నె వైపు చూస్తూ అన్నది తను. ఆయన వైపు చూడలేదు.

పదమూడో రోజు ఆదివారం. సంచిలో పట్టుకారు, రెండంగుళాల మేకు వేసుకుని చర్చికి వెళ్లింది. లోపల పాట మొదలయ్యేదాకా ఆగి, ఆవరణలో ఉన్న సుందర్ రావు అంబాసిడర్ పక్కన మోకాళ్ల మీద వంగింది. ఇప్పుడామెకు ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలుసు. స్ప్లిట్ పిన్ను కాళ్లు సాపు చేయడానికి నిమిషం పట్టలేదు. సగం బయటికి లాగింది కూడా. అప్పుడు ఒక ఆలోచన వచ్చి చెయ్యి ఆగింది. ఆయన చస్తే ఎందుకు చచ్చాడో ఆయనకు తెలియదు. ఎవరికీ తెలియదు. మంచి మనిషి పోయాడని నలుగురూ ఏడుస్తారు. వెనక సీటులో విమల ఉంటుందన్నది కూడా తట్టింది గానీ, అది తరువాత తట్టింది. పిన్నును మళ్లీ లోపలికి తోసి, కాళ్లు వంచి, చీర దులుపుకుని ఇంటికి వెళ్లిపోయింది.

మరునాటి నుంచి మళ్లీ పనిలో దిగింది. నాలుగు నెలల్లో కారు తయారైంది. అదే లేత ఆకుపచ్చ రంగు వేయించింది. పదహారేళ్ల వయసులో నాయిన ఖిల్లా మైదానంలో నేర్పిన డ్రైవింగు చేతులకు గుర్తుంది. లైసెన్సు తెచ్చుకుంది. 1980 మార్చిలో ఒక శనివారం పొద్దున సుందర్ రావు షెడ్డు ముందర ల్యాండ్‌మాస్టర్ ఆపింది. వెనక సీటులో కట్టయ్య ఉన్నాడు.

షెడ్డు ఇప్పుడు నాలుగింతలైంది. సుందర్ రావు తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కాతో బయటికి వచ్చి కారు చుట్టూ తిరిగాడు.

“నువ్వే చేసినవానే?”

“పెద్దబాపు, నేను. ముందటి నుంచి ఏదో సప్పుడు వస్తాంది కాకా. మాకు తెలుస్తలేదు. మీకైతె ఇంటెనే తెలుస్తది. జర కూసుండి సూడుండ్రి.”

పదిమంది పనివాళ్లు చూస్తున్నారు. ఆయన నవ్వి, సుగుణమ్మ కూర్చునే చోట కూర్చున్నాడు. ఆ తలుపుకు లోపలి పిడి దొరకలేదు. రూతు బయటి నుంచి మూసి, చుట్టు తిరిగి వచ్చి స్టీరింగ్ పట్టుకుంది.

కాజీపేట దాటారు. సుందర్ రావు చెవి వాల్చి విన్నాడు. “సప్పుడేం లేదు గదనే. ఇంజను మంచిగనే ఉన్నది.”

“జర ముందటికి పోతె వస్తది.”

మడికొండ కూడా దాటింది. రెండు పక్కలా కోసిన పొలాలు, ఎండ. ఎదురుగా అప్పుడొకటి అప్పుడొకటి లారీ. ఘన్‌పూర్ పోయే ఈ రోడ్డు మీద ముందర ఏముందో ఆయనకు తట్టినట్టుంది. సీటులో కదిలాడు.

“ఇగ మలుపు. నాకు పనున్నది.”

“అన్ని పాతయే పెట్టిన కాకా,” అంది రూతు. “నాయిన నడిపిననాడు ఎట్లుండెనో గట్లనే ఉండాలె అనుకున్న. ఎడమ దిక్కు రాడ్డుకు సీల సుత పెట్టిన.”

“సీలేంది?”

“స్ప్లిట్ పిన్ను జాగల నువ్వు పెట్టిన సీల. రెండించులది. అసొంటిదే ఎతికి పెట్టిన.” ఇన్నేళ్లలో ఆమె ఆయన్ను నువ్వు అనడం అదే మొదలు.

సుందర్ రావు మొహంలో రంగు పోయింది. “బండి ఆపు.”

ఆమె ఇంకాస్త తొక్కింది. స్పీడు ముల్లు నలభై దాటింది.

“రూతూ! ఆపమంటాన్న!”

“గప్పుడు మా అమ్మ గూడ ఆపమన్నదట కాకా. నాయిన చెప్పిండు. బ్రేకు తొక్కేలోపల్నే రోడ్డు దిగిందట.”

వెనక నుంచి కట్టయ్య సన్నగా, “బిడ్డా, జర నిమ్మలంగ,” అన్నాడు. ముందు రోజు ఆ చక్రం దగ్గర ఆమె ఒక్కతే పని చేసింది. ఏం పెట్టిందో ఆయనకూ తెలియదు.

ఎదురుగా లారీ వచ్చింది. రూతు స్టీరింగ్‌ను కొద్దిగా ఎడమకు తిప్పి మళ్లీ కుడికి తిప్పింది. కారు ఊగింది. సుందర్ రావు తలుపు మీద చేతులు వేసి పిడి కోసం తడిమాడు. పిడి లేదు.

“పనోళ్లు ఎవలన్న పెట్టిండ్రేమో! నాకేం తెలుసు!”

“గుడ్ ఫ్రైడే నాడు పనోళ్లు లేరు. నువ్వొక్కనివే ఉన్నవు. సద్ది తెచ్చింది నేనే.”

“దుకాండ్లు బంద్ ఉండె!” ఆయన అరిచాడు. “పిన్ను ఇరిగింది. కొత్తది దొరకలే. మంగళారం మారుద్దామనుకున్న. మీ నాయినకు చెప్పుడు మర్సిపోయిన. దేవుని తోడు, మర్సిపోయిన. ఆపు బిడ్డా, కాల్మొక్కుత.”

“మర్సిపోయినవు. సరే. తాగిండని ఎందుకు చెప్పినవు?”

ఆయన మళ్లీ పిడి కోసం తడిమాడు. ఆమె మళ్లీ అడిగింది. ముల్లు నలభై అయిదు మీద వణుకుతోంది.

“భయమైంది,” అన్నాడు సుందర్ రావు. తెల్ల ప్యాంటు తడిసింది. “షెడ్డు పోతదని భయమైంది. తాగలే. మీ నాయిన తాగలే. ఇగ ఆపు.”

కల్వర్టు కనపడింది. రూతు మెల్లగా బ్రేకు తొక్కి, గోడకు జానెడు దూరంలో ఆపింది. దిగి వచ్చి తలుపు తీసింది. సుందర్ రావు దిగి రెండడుగులు వేసి రోడ్డు పక్కన కూర్చున్నాడు. చాలాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. తరువాత ఏమనుకున్నాడో, పాక్కుంటూ వచ్చి ఎడమ చక్రం వెనక తల పెట్టి చూశాడు.

అక్కడ కొత్త స్ప్లిట్ పిన్ను ఉంది. రెండు కాళ్లు, చక్కగా వంచి.

ఆయన లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. మొహంలోకి రంగు తిరిగి వచ్చింది. “అబద్ధమాడినవు.”

“ఆడిన. రేపు చర్చిల నిజం చెప్పాలె నువ్వు. అందరి ముందట.”

“నేను చెప్పకుంటె ఎవలు నమ్ముతరే? తాగుబోతు బిడ్డవు నువ్వు. వీనిదా సాక్ష్యం?” అని కట్టయ్య వైపు చెయ్యి విసిరాడు.

రూతు కారెక్కి తిప్పుకుని వెళ్లిపోయింది. ఆయన తడి ప్యాంటుతో బస్సు కోసం నిలబడ్డాడు.

మరునాడు చర్చిలో ప్రసంగం కాకముందే సుందర్ రావు లేచి ముందుకు నడిచాడు. రూతు మాట్లాడకముందే తానే మాట్లాడాలని ఆలోచించి వచ్చాడు. ఎన్నో ఏళ్ల కింద తన షెడ్డులో ఏదో ఒక లోపం జరిగి ఉండొచ్చునని, అది ఒక కుటుంబానికి దుఃఖం తెచ్చి ఉండొచ్చునని, తెలియక చేసిన పాపం కూడా పాపమేనని, తనను క్షమించమని చేతులు జోడించి ఏడ్చాడు. మేకు మాట ఎత్తలేదు. జయరాజు పేరు కూడా ఎత్తలేదు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఇంత పెద్ద మనిషి ఎంత తగ్గించుకున్నాడు అని ఎవరో గట్టిగానే అన్నారు. అయ్యగారు రూతును ముందుకు రమ్మని, ఆయన చెయ్యి పట్టుకొమ్మన్నాడు.

రూతు ఉన్నచోటే నిలబడింది. “మా నాయిన తాగలేదని చెప్పలే ఆయన. గదొక్కటి చెప్పమనుండ్రి.”

వెనక వరుసలో ఎవరో పాట ఎత్తుకున్నారు. అందరూ అందుకున్నారు. ఆమె మళ్లీ అన్న మాట ఆ పాటలో వినపడలేదు.

ఆమె ఆశీర్వాదం దాకా ఆగలేదు. ఇంటికి వెళ్లి ట్రేలోంచి పాత రాడ్డు చివర తీసింది. సగం మేకును మళ్లీ అదే బెజ్జంలో పెట్టింది. కారును వరంగల్ స్టేషన్ టాక్సీ స్టాండుకు నడిపింది. పట్నం రైలు వచ్చే వేళ కాలేదు. డ్రైవర్లు చెట్టు కింద బీడీలు తాగుతున్నారు. వాళ్లలో పెద్దవాడు నర్సయ్య, నాయినతో పాటు పదేళ్లు బండి నడిపినవాడు. ఆకుపచ్చ కారు చూసి అందరూ లేచారు.

రూతు ఇనుప ముక్కను బానెట్ మీద పెట్టింది. “మా నాయిన కారుది. సుందర్ రావు షెడ్డుల పిన్నుకు బదులు పెట్టింది. సూడుండ్రి.”

ఇంకేం చెప్పనక్కరలేకపోయింది. అది చేతి నుంచి చేతికి పోయింది. ప్రతివాడూ మేకు తలకాయను బొటనవేలితో ముట్టి చూశాడు. నర్సయ్య చేతికి వచ్చినప్పుడు ఆయన దాన్ని ఇవ్వకుండా చాలాసేపు పట్టుకున్నాడు.

“మీ నాయిన పదిసార్లు చెప్పిండు నాకు,” అన్నాడు. “ఉత్తగ తిరిగిందిరా నర్సిగా అని. నేను నవ్విన.” ఆయన ఆ ముక్కను రూతు చేతిలో పెట్టి తల తిప్పుకున్నాడు. “నా బండి ఇప్పుడు వాని షెడ్డుల్నే ఉన్నది. పోయి తెచ్చుకుంట.”

ఆ సాయంత్రంలోగా మూడు టాక్సీలు షెడ్డు నుంచి సగం విప్పినవి విప్పినట్టుగానే బయటికి వచ్చాయి. రూతు అక్కడితో ఆగలేదు. సెలవు రోజుల్లో లారీలు ఆగే చోట్లకు, హోటళ్లకు, బస్టాండుకు వెళ్లింది. పాలంపేట దారిలో కలప లారీల వాళ్లకు కూడా చూపించింది. ప్రతిచోటా అదే రెండు ముక్కలు చెప్పి, అదే ఇనుము చూపించి వచ్చేది. వాళ్లకు సుందర్ రావు కన్నీళ్లతో పని లేదు. రోజూ వాళ్ల ప్రాణం ఆ బెజ్జంలోనే ఉంటుంది. మొదట టాక్సీలు మానేశాయి. ఆరు నెలల్లో లారీలు మానేశాయి. పనివాళ్లు ఒక్కొక్కరే వేరే షెడ్లకు వెళ్లారు.

1981లో ఒక మధ్యాహ్నం విమల డ్యూటీ గదిలో రూతు ఎదుట నిలబడింది. బాగా చిక్కిపోయింది.

“నాయిన తింటలేడు అక్కా. షెడ్డుల ఒక్కడే కూసుంటాండు. ఇంకెన్ని రోజులు తిప్పుతవు దాన్ని?”

“మా నాయిన అయిదేండ్లు మోసిండు.”

“నేనేం చేసిన నీకు?”

“నువ్వేం చెయ్యలే.”

“అయితె ఆపు.”

రూతు మందుల చీటీలు సర్దుతూ ఉండిపోయింది. విమల వెళ్లిపోయింది. ఆ తరువాత ఆమె రూతును అక్కా అని పిలవలేదు. రూతుకు అది చాలా రోజులు గుచ్చుకుంది. కానీ ఆపలేదు.

మరుసటి ఏడు షెడ్డు మూతపడింది. సుందర్ రావు కుటుంబం నిజామాబాద్ దిక్కు ఎవరో చుట్టాల ఊరికి పోతోందని తెలిసి, రూతు ఆ పొద్దున సెలవు పెట్టి వాళ్ల ఇంటి ఎదుట రోడ్డు మీద నిలబడింది. బీరువాలు, మంచాలు, గాజు బిరడాల సీసాలు అన్నీ లారీకి ఎక్కుతుంటే చూసింది. సుందర్ రావు కర్ర ఊతతో వచ్చి ముందర ఎక్కాడు. ఆమెను చూశాడు. చూసి, ఒళ్లో చేతులు పెట్టుకుని, కిందికి చూస్తూ కూర్చున్నాడు. విమల రోడ్డు దాటి వచ్చింది.

“సూశినవా? ఇగ సాలా?”

“సూశిన,” అంది రూతు. సాలని అనలేదు.

లారీ మలుపు తిరిగేదాకా నిలబడి, ఇంటికి వచ్చి, అన్నం వండుకుని, మూడుసార్లు పెట్టుకుని తిన్నది. పగలే మంచం మీద పడి దీపాల వేళ దాకా నిద్రపోయింది. లేచేసరికి కట్టయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మొగిలమ్మ ఇచ్చిన చాయ గ్లాసు ముందుకు జరిపాడు.

“పోయిండట గద. ఇగనన్న నిమ్మలమైనవా బిడ్డా?”

“ఆయన పోయినందుకు మంచిగనే ఉన్నది పెద్దబాపూ. అబద్ధమెందుకు?” ఆమె చాయ తాగింది. “గని నాయిన చెప్తె నేను సుత నమ్మలే. ఆ సుందర్ రావు లెక్కనే నేను గూడ తాగిండనుకున్న. దానికేం చెయ్యాల్నో తెలుస్తలేదు.”

కట్టయ్య తువ్వాల భుజం మీద వేసుకుని, ల్యాండ్‌మాస్టర్ దగ్గరికి వెళ్లి, ఎడమ టైరులో గాలి తక్కువుందేమోనని చేత్తో నొక్కి చూశాడు.

“రేపు పొద్దుగాల డ్యూటీనా?” అన్నాడు.

“ఆరింటికి.”

“అయితె ఇప్పుడే గాలి కొడుదాం. పంపు తే.”

రూతు లేచి పంపు తేవడానికి లోపలికి వెళ్లింది.